బ్యాగులో పదిహేనో కర్ర

బుల్లీ,

డబ్బాలో తిండి పెట్టాను. తినకుండా పోటీకి పోకు. గోల్ఫ్ బ్యాగు గుమ్మం పక్కనుంది. ఇప్పుడు నువ్వే మోసుకోవాలి కదా, బరువెంతుందోనని ఎత్తి చూశాను. పద్నాలుగు కర్రలకు మించితే పెనాల్టీ అని మీ నాన్న చెవినిల్లు కట్టుకుని చెప్పేవారు. లెక్కపెడితే పదిహేనున్నాయి. అడుగున, నీ తువ్వాల్లో చుట్టి, ఆయన పాత పట్టర్, అదే బంతిని గుంటలోకి నెట్టే కర్ర.

ఆయన పోయాక ఆడిన మొదటి పోటీలో గాలి వల్ల ఓడిపోయానన్నావు. గాలి కాదన్నమాట. తెలిసి తెలిసి మళ్లీ పెట్టావు.

దాన్ని తీసేశాను. కోప్పడకు. "ఆడని కర్ర మోయించకే" అని ఆయనే కసిరేవారు, ఇన్నేళ్లూ నీ బ్యాగు మోసిన మనిషి. నాతో ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది? నా ముందు ఏడవకూడదని ఒట్టు పెట్టుకున్నావా? నేనూ స్నానాల గదిలో కుళాయి తిప్పుకునే ఏడుస్తున్నానే.

చూసి ఆడు. వెళ్లేటప్పుడు తాళం రెండుసార్లు లాగి చూడు.

అమ్మ

పట్టర్ కోసం ఇల్లంతా వెతక్కు. నాతోనే పనికి పట్టుకెళ్తున్నా. బస్సులో ఎవరైనా అడిగితే చేతికర్ర అంటాను. దాన్ని ఇంట్లో ఒంటరిగా వదలబుద్ధి కాలేదు.