ఈతమాను కోనలో చెలమ

ఏప్రిల్ 26

కోన గుండంలో నీళ్ళు లేవు! సెలవులకు ఇంటికి వచ్చిన రోజు ఇదే బండ మీద కూర్చొని కాళ్ళు తడుపుకున్నాను. ఈ పొద్దున చూస్తే నడిమధ్య పిడికెడు అడుసు, దాని నిండా పిట్టల కాలి అచ్చులు. మేకలు మూతితో తాకి వెనక్కి వచ్చేశాయి. మేకలు కాసే సుంకులవ్వ నా వైపు చూడకుండానే అంది — "రాసుకో మే. గుండం పాయె."

రాసుకున్నాను. కాలేజీలో తెలుగు మేడం అడిగింది వంద మాటలు. పుస్తకాల్లో లేనివి, పెద్దవాళ్ళ నోట మాత్రమే ఉన్నవి. నోటుబుక్కులో మూడు గళ్ళు గీసి పెట్టుకున్నాను — వస్తువులు, పనులు, నమ్మకాలు. ఇప్పటికి నలభై ఒకటి. రోజూ అవ్వ మేకల వెంట పోతే చాలు, మాటలే మాటలు.

ఏప్రిల్ 27

కోన గురించి సరిగ్గా రాయాలి. ఎప్పుడూ తొందరలో వదిలేస్తున్నాను.

అహోబిలం బస్సు పోయే రోడ్డు మీద నుంచి ఏమీ కనపడదు. రెండు బోడి గుట్టలు, మధ్యలో సందు. దూరి రెండు మలుపులు తిరిగితే బస్సు హారన్ వినపడదు. ఆ తర్వాత చెట్లు. నల్లమద్ది, తునికి, పచ్చగా పూసిన రేల. వాగు ఒడ్డున వంగిన ఈతమాను — కోనకు దాని పేరే. వాగంటే ఇప్పుడు ఇసుకే. ఎండుటాకుల మీద మేకల అడుగులు. అవి ఆగితే గువ్వ. గువ్వ కూడా ఆగితే...

ఆ నిశ్శబ్దానికి ఏదైనా మాట ఉందా అని అవ్వను అడిగాను.

"దానికి మాటెందుకు? నువ్వు మాట్లాడకుంటే సరిపాయె."

ఏప్రిల్ 28

మూడు కొత్త మాటలు. ఎక్కడా నీళ్ళు లేవు.

ఏప్రిల్ 30

ఈరోజు మాట — చెలమ.

ఈతమాను వేళ్ళ పక్కన, వాగు ఇసుకలో, అవ్వ రెండు చేతులతో తవ్వింది. ఇసుక ఆమె కాళ్ళ సందు నుంచి వెనక్కి పడుతోంది. మోచేయి లోతున నల్లబడింది. ఇంకొంచెం తవ్వితే చెమట పట్టినట్టు చుట్టూ నుంచి నీళ్ళు. మొదటి దోసిలి బయట పారబోసింది. తర్వాతివన్నీ రేకు బొచ్చెలోకి, మేకలకు. పదకొండు మేకలు. ఒకటి తాగేదాకా మిగతావాటిని కట్టెతో ఆపడం నా పని. ముందు చుక్కకు — నుదుట తెల్ల మచ్చ ఉన్నది, చూడితో ఉంది.

పోయేటప్పుడు చెలమలో ఒక పుల్ల వాలుగా పెట్టింది. "తొండ పడిందనుకో, ఎక్కి రావల్ల గదా."

ఇంకో మాట కూడా చెప్పింది. "చెలమకు ఇనుము తగలనీగూడదు."

ఎందుకవ్వా?

"మా యవ్వ చెప్పె. ఆయమ్మకు వాళ్ళవ్వ చెప్పింటాది."

ఎంత బాగుందో ఈ వాక్యం! నమ్మకాల గడిలో రాసి కింద గీత గీశాను.

మే 1

అమ్మ, వీధి అంతా వినేటట్టు — "డిగ్రీ పిల్ల మేకల కాడ చదువుతాంది, చూడండప్పా." నాయన మగ్గం గుంతలో నుంచి తల ఎత్తలేదు. "పోనీలే. ఆ ముసలామెకు ఎవురుండారు తోడు?" మళ్ళీ మగ్గం చప్పుడు.

మే 2

కోన పై భాగానికి పోయి వచ్చాను. అవ్వ చెప్పింది, పైన బండలో దోన ఉందని — వాన నీళ్ళు నిలిచే పెద్ద గుంత. "మా కాలంలో ఎండాకాలంలో గూడా ఈతలు కొడ్తాంటిమి" అంది. గంటన్నర నడక. వెదుర్లు పూసి ఎండిపోయి ఉన్నాయి, గాలికి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఎలుగుబంటి తవ్విన పుట్ట ఒకటి. అక్కడక్కడ ఎంత నీడ ఉందంటే ఎండాకాలమని మరిచిపోయాను. దోన దొరికింది. లోపల ఎండుటాకులు, ఒక నెమలి ఈక. చేయి పెడితే బండ కాలింది.

దిగి వచ్చి చెప్పాను. అవ్వ తలూపింది. "అయితే ఇంగ చెలమొక్కటే."

మే 3

సంతకు మేకలు కొనుక్కుపోయే మస్తాన్ మామ ఊళ్ళోకి వచ్చాడు. అవ్వ గుడిసె ముందు గొంతుక్కూర్చొని — "యవ్వా, ట్యాంకర్ నీళ్ళు మనుషులకే చాలడం ల్యా. మేకలకు ఎవురు పోస్తారు? ఇంత కండ ఉన్నప్పుడే ఇచ్చెయ్. ఎండిపోయినాక నేను గూడా తోలుకపోను."

"మొగుడు పోయినప్పుడు మేకల్ని అమ్మల్యా. కొడుకు పోయినప్పుడు అమ్మల్యా. ఇప్పుడు అమ్ముదునా? చెలమ ఉండాది. తొలి వాన దాంక చాలు."

"చెలమేమన్నా నీ అత్తగారిల్లా యవ్వా, ఎప్పుడు పోయినా పెట్టేకి?"

"అత్తగారింట్లో నాకేం పెట్టినారప్పా? చెలమే మేలు."

అందరం నవ్వాం. మామ లేచిపోయాక అవ్వ పదకొండు మేకల వైపూ ఒకసారి చూసింది.

మే 5

నీళ్ళు నెమ్మదిగా ఊరుతున్నాయి. ఒక బొచ్చె నిండేలోపు అవ్వ ఒక కథ మొత్తం చెప్పేస్తోంది. ఊరడం — మంచి మాట. నీళ్ళు ఊరాలి, ఆవకాయ ఊరాలి. దేన్నీ తొందరపెట్టడానికి లేదు.

అవ్వ మోకాలు వాచింది. "రెండు దినాలు నువ్వు తోలుకపో మే. నీ మాట వింటాండాయి గదా." నిజమే. మేకలను పిలిచే చప్పుడు నాకు వచ్చేసింది — నాలుకను అంగిలికి కొట్టి చేసేది. అది రాయడానికి అక్షరం లేదు.

మే 6

ఎట్లా రాయాలి... వరసగా రాస్తాను.

ఒక్కదాన్నే పోయాను. నాయన చిన్న గడ్డపార తీసుకుపోయాను. దాచి కాదు, భుజాన వేసుకొని, పాడుకుంటూ. వట్టి చేతులతో తవ్వితేనే అన్ని నీళ్ళు వస్తే ఇంకా లోతుకు పోతే ఎన్ని వస్తాయి! అవ్వ వచ్చేసరికి చెలమ నిండుగా ఉండాలి, ఆమె నోరు తెరవాలి — అంతే అనుకున్నాను. అవ్వ చెప్పింది గుర్తు లేక కాదు. గుర్తుంది. గీత గీసి మరీ రాసుకున్న వాక్యం.

ఇసుక అయిపోయింది. కింద తెల్లటి సుద్ద, గట్టిగా, నున్నగా. అసలు నీళ్ళు దాని కింద ఉంటాయనుకున్నాను. పొడిచాను. నాలుగో పోటుకు గడ్డపార దిగబడింది.

నీళ్ళు ఒక్కసారి కదిలాయి. గుటక వేసిన చప్పుడు. చెలమలో ఉన్నవి, పక్క ఇసుకలోవి, అన్నీ ఆ బొక్కలోకి. అరచేయి అడ్డం పెట్టాను. వేళ్ళ సందుల్లో నుంచి పోయాయి.

చుక్క వచ్చి వాసన చూసింది. పొద్దు వాలేదాకా కూర్చున్నాను. ఊరలేదు.

మే 7

మళ్ళీ పోయాను. పొడి.

"నీళ్ళు బాగా తగ్గినాయవ్వా" అన్నాను. "ఎండలు గదా" అంది, మోకాలికి ఆముదం రాసుకుంటూ. నేను అన్నదాంట్లో ఒక్క మాటా అబద్ధం లేదు. మాటలను అట్లా కూడా వాడవచ్చని ఈరోజే తెలిసింది.

ఇంట్లో బిందె తెచ్చి మేకలకు పోశాను. అమ్మ చూసింది. "అవి తాగితే మనమేం తాగల్లనే?"

మే 8

వద్దన్నా వినకుండా అవ్వ కుంటుకుంటూ వచ్చింది. చెలమ పక్కన కూర్చొని చేయి లోపలికి పెట్టి తడిమింది, చూడిమేక పొట్ట తడిమినట్టు, చాలాసేపు. ఒక సుద్దపెళ్ళ పైకి తీసింది.

"ఎవురో ఇనుము దించినారు."

నేను కాలితో ఇసుక సర్దాను.

"కట్టెలకొచ్చినోళ్ళేమో. వాళ్ళకేం తెల్సు? ఈ సుద్దే మే, చట్టి మాదిరి నీళ్ళు పట్టుకోనుండేది. చట్టికి తూటు పెడితే ఇంగేముంటాది?"

"ఈ సంగతి నాకు చెప్పలేదే అవ్వా."

"చెప్తి గదా. నువ్వు రాసుకుంటివి."

పెళ్ళను నా చేతిలో పెట్టింది. వాలుగా ఉన్న పుల్లను తీసి అవతలికి పారేసింది. దారి పొడుగునా నా భుజం పట్టుకొని నడిచింది. ఆమెకు తెలుసా? తెలియదా? ముఖంలో ఏమీ దొరకలేదు.

మే 9

ఎవరికీ చెప్పకుండా పోయి బొక్క పూడ్చాను. సుద్ద పిసికి, మడమతో తొక్కి, అరచేత్తో నున్నగా చేసి. సీసాలో మిగిలిన నీళ్ళు పోశాను. నిలిచాయి! ఒక్క క్షణం అరిచినంత పని చేశాను. కానీ నిలిచినవి నా సీసా నీళ్ళే. కోనవి కావు. సాయంత్రానికి అవి కూడా ఆవిరి.

ఇంకో రెండు చోట్ల తవ్వాను, వట్టి చేతులతోనే. ఇసుక, ఇసుక, బండ. రెండు గోళ్ళు విరిగాయి.

ఇంటికి వచ్చి ఆ వాక్యాన్ని నమ్మకాల గడిలో కొట్టేసి పనుల గడిలో రాశాను. ఇప్పుడు ఎవరికి పనికొస్తుంది? మొత్తం అరవై తొమ్మిది మాటలు.

మే 10

రాయడానికి మనసు లేదు. మేకలు కట్టేసిన చోటే అరుస్తున్నాయి.

మే 11

అవ్వే కబురు పెట్టింది. మస్తాన్ మామ మధ్యాహ్నం వచ్చి చూసి పోయాడు. రేపు పొద్దున ఆరింటికి ఆటో.

"చుక్కను పెట్టుకో యవ్వా. ఈనేకి దగ్గరుండాది. దాన్ని తోలుకపోతే నాకే పాపం."

"ఒక్కదాన్ని పెట్టుకోని ఏం జేతు? మందలో పెరిగింది. ఒక్కతే ఉండలేక అరిచి అరిచి సస్తాది."

మామ లేచాడు. టోపీ తీసి దులిపి మళ్ళీ పెట్టుకున్నాడు.

తర్వాత అవ్వ నన్ను పిలిచింది. "రేపు నువ్వు రావల్ల మే. ఆ పొద్దుకు నాకు గొంతు రాదు. నువ్వు పిలిస్తే ఆటో ఎక్కుతాయి."

సరే అన్నాను. ఎట్లా అన్నానో తెలియదు.

దీపం పెట్టే వేళ నుంచి చెప్పాల్సిన మాట రాసి చూస్తున్నాను. ఆరు రకాలుగా రాశాను. ఒకదాంట్లో 'మంచికే అనుకొని' అని ఉంది. ఒకదాంట్లో ఎండల సంగతి ఉంది. ఒకదాంట్లో ఆమె నాకు ముందే విడమరిచి చెప్పి ఉంటే అని ఉంది — అది చదివి నాకే సిగ్గేసింది. అన్నీ కొట్టేశాను.

చెప్పినా నీళ్ళు రావు. ఆటో ఆగదు. కొడుకు పోయాక ఆ గుడిసెకు రోజూ వచ్చే మనిషిని నేనొక్కదాన్నే, అది కూడా ఉండదేమో. చెప్పకపోతే... ఆమె చూస్తుండగా నిలబడి, ఆ చప్పుడు చేసి, పదకొండింటినీ ఒక్కొక్కటిగా ఎక్కించాలి. నన్ను నమ్మి వస్తాయి.

రేపు ఐదింటికి లేవాలి. ఆటో రాకముందే గుడిసె దగ్గర ఉండాలి. గడ్డపార తీసుకుపోవాలి. ఇంకా కడగలేదు, కొనకు సుద్ద అంటుకొనే ఉంది. నోట మాట రాకపోతే, దాన్ని అవ్వ ముందు పెడతాను.