నా ఎత్తు బంగారం

హర్షిణి బాపూ,

పప్పు కుక్కర్ల ఉన్నది, అన్నం నువ్వే వండుకో. ఐదింటికి హర్షిణిని ట్యూషన్ కాడికెళ్లి తీస్కరా. నా కోసం అన్నం తీసి పెట్టకు. బరువు తగ్గాలని ఆపరేషన్ చేసి చిన్నగ జేసిన కడుపుల నాలుగు బుక్కలకంటే ఎక్కువ పడుతలేవని నీకెరుకే.

నేను పక్కింటి సారక్కతోని సమ్మక్క తల్లి గద్దెల కాడికి పోతున్న. తొవ్వల బెల్లం దుకాణంల కాంటా ఎక్కి, నా ఎత్తు బెల్లం, గదే తల్లికిచ్చే బంగారం, జోకిచ్చి మొక్కు చెల్లిస్తా.

"ఇంకింత తగ్గినంక పోదాం, బెల్లం తక్కువ పడుతది" అని రాత్రి ఫోన్ల మీ అవ్వతోని నవ్వుకుంట అన్నవు. వంటింట్లకెళ్లి విన్న. ఒళ్లు మండింది. బరువు మెల్లగనే దిగుతదని డాక్టరమ్మ ముందుగాలనే చెప్పలేదా? పొద్దున లేస్తే కాంటా ఎక్కిస్తవు. అంకె కదలకపోతే నా మొకం దిక్కు గట్ల చూస్తవు. నేనేమన్న దొంగతనంగ తింటున్ననా? గీ నెల ఒక్క కిలో గూడ తగ్గలే. తగ్గకపోతే తల్లి మొక్కు ఆపుకోవాల్నా?

ఆపరేషన్ గది బయట ఏడ్చుకుంట మొక్కింది నువ్వే. గప్పుడు నీ పక్కనే ఉన్న పక్కింటి సారక్క అన్నీ చెప్పింది. "నా స్వరూప పానంతోని బయటికొస్తే ఆమె ఎత్తు బంగారం ఇస్తా తల్లీ" అన్నవట. సన్నగయ్యి వస్తే అని మొక్కలే.

పానంతోని వచ్చిన. ఎంతున్ననో అంత జోకిస్తా.

స్వరూప

మర్చిపోయిన. నన్ను బరువులు ఎత్తొద్దన్నరు కదా. హర్షిణిని తీస్కొని అటుకెళ్లే గద్దెల కాడికి రా. బెల్లం బస్తాలు నువ్వే మొయ్యాలె. నేనెంత బరువున్ననో మోస్తెనే తెలుస్తది.