నోబడీకి రాసే హక్కు లేదు

జూన్ 3, సోమవారం

ఉద్యోగంలో చేరి ఇవాళ్టికి మూడు నెలలు. ఇంకో నెల గడిస్తే ప్రొబేషన్ అయిపోతుంది, పర్మనెంట్ చేస్తారు. మా ఇంట్లో పర్మనెంట్ అన్న మాట ఇంతవరకు ఎవరికీ అంటలేదు. నాన్నది తాపీ పని, పిలిస్తే ఉంటుంది, పిలవకపోతే లేదు. అమ్మ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. బడి మొహం చూసింది నేనొక్కదాన్నే.

ఆఫీసులో ఐదుగురం. వెబ్‌సైట్లు చేస్తాం. మిగతా నలుగురూ కలిసి భోజనానికి బయటికి వెళ్తారు. మొదటి వారం నన్నూ పిలిచారు. డబ్బా తెచ్చుకున్నానన్నాను. మళ్ళీ పిలవలేదు.

నర్సింగ్ స్కూలు దరఖాస్తు ఫారం నా చేత చేయించారు. ఇవాళ తెరిచాం. పేదింటి అమ్మాయిలకి ముప్పై ఉచిత సీట్లు. పేరు, చదువు, ఫోన్ నంబరు నింపి నొక్కితే నా స్క్రిప్టు ఆ వివరాల్ని సర్వర్‌లోని ఒక ఫైల్లో ఒక వరుసగా రాస్తుంది. ఆ తర్వాత తెర మీద ఒక వాక్యం వస్తుంది. మీ దరఖాస్తు మాకు అందింది, ధన్యవాదాలు.

ఆ వాక్యం నాది. ఆఫీసు నడిపే సారు ఇంగ్లీషులో చాలన్నారు. అమ్మాయి చదివితే ఇంట్లోవాళ్ళు చుట్టూ నిలబడి వినే ఇళ్ళుంటాయండీ, మన భాషలో పెడదాం అన్నాను. పెట్టుకో, ఆ ఒక్క లైనుకి కంపెనీ మునిగిపోదులే అన్నారు.

సాయంత్రానికి పన్నెండు వరుసలు. పన్నెండుమంది నేను రాసింది చదివారు.

జూన్ 7, శుక్రవారం

పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి అన్నీ మార్చాం. కొత్తదాన్ని చూసుకునే ఆయన ఎక్కడో దూరంగా ఉంటాడు, ఫోన్లోనే దొరుకుతాడు. ఏ తలుపు తియ్యాలన్నా ఆయన్నే అడగాలి కనక ఆఫీసులో ఆయన పేరు తాళాలాయన.

పొద్దున సారు ఫారం తెరిస్తే పైన రెండు వార్నింగులు కనిపించాయి. తేదీ గురించి ఏదో చిన్న గొడవ, ప్రమాదం లేదు. కానీ సారు చిరాకుపడ్డారు. ఎవరైనా ఇంటికొస్తే ముందు గదిలోనే చిరిగిన గుడ్డలు ఆరేస్తామా, తీసెయ్ అన్నారు. తీసేశాను. అంటే ఆ లైన్ల ముందు @ గుర్తు పెట్టాను. అది పెడితే ఆ లైను ఏ తప్పు చేసినా నోరెత్తదు. ముందుజాగ్రత్తగా మిగతా లైన్లకి కూడా పెట్టాను.

ఫారమంతా బ్రౌజర్‌లో నింపడం ఎందుకని, నా లాగిన్‌తో లోపలికెళ్ళి స్క్రిప్టుని నేరుగా నడిపి చూశాను. పరీక్ష పరీక్ష అని ఒక వరుస ఫైల్లో చక్కగా చేరింది. అంతా బాగుంది అని సారుకి చెప్పాను. తలెత్తి చూడకుండానే వెరీ గుడ్ అన్నారు. అయినా వెరీ గుడ్డే.

జూన్ 10, సోమవారం

ఇవాళ నాతో మాట్లాడింది లిఫ్ట్ ఒక్కటే.

జూన్ 14, శుక్రవారం

అమ్మ ఫోన్ చేసింది. నువ్వు రాసేది ఎవరు చదువుతారే అని అడిగింది. కంప్యూటర్ చదువుతుందమ్మా. చదివి ఏం చేస్తుంది? చెప్పిన పని చేస్తుంది. చెయ్యకపోతే? ఎందుకు చెయ్యలేదో చెబుతుంది. అయితే మీ నాన్న కంటే నయమే అంది. వెనకనుంచి నాన్న ఏదో అరిచాడు. ముగ్గురం నవ్వాం. ఫోన్ పెట్టేశాక గది ఇంకా చిన్నదైపోయింది.

జూన్ 19, బుధవారం

దరఖాస్తుల గడువు నిన్నటితో అయిపోయింది. నర్సింగ్ స్కూలుకి జాబితా పంపమన్నారు. ఫైలు దించి, చివర్న ఉన్న నా పరీక్ష వరుస తీసేసి పంపాను. అరవై ఒక్క పేర్లు. ఇంటర్వ్యూకి ఎవరిని పిలుస్తారో 28న ప్రకటిస్తారట. సగంమందికైనా సీట్లొస్తాయి అనుకుంటూ బస్సెక్కాను. నాకే వచ్చినట్టు సంతోషంగా ఉంది.

జూన్ 21, శుక్రవారం, పదకొండు గంటలకి

ఒకాయన ఫోన్ చేశాడు. స్కూల్లో గుమస్తా మా నంబరిచ్చి, ఫారం సంగతి వాళ్ళనే అడగండి అన్నాడట. నెమ్మదిగా, ముందే అనుకుని పెట్టుకున్న మాటల్లా మాట్లాడాడు. తన కూతురు పదమూడో తారీకున ఫారం పంపిందట. అక్కడ వాళ్ళ దగ్గర పేరు లేదట. అందింది, ధన్యవాదాలు అని వచ్చిందమ్మా, మా పిల్ల చదివి వినిపించింది, ఇంకోసారి చదవమంటే ఇంకోసారి కూడా చదివింది అన్నాడు.

చూసి చెబుతానన్నాను.

అదే రోజు, ఒంటిగంటన్నర

సర్వర్‌లోని ఫైల్లో చివరి వరుస ఏడో తారీకుది. పరీక్ష పరీక్ష. నాది.

చివర్న! ఆ తర్వాత పదకొండు రోజులు ఫారం తెరిచే ఉంటే అది చివర్న ఎలా ఉంటుంది? మొన్న పంపిన కాపీలోంచి నా చేత్తోనే దాన్ని తీసేశాను. ఒక్క క్షణం ఆగి ఆలోచించలేదు.

@ తీసేసి బ్రౌజర్‌లో ఫారం నింపాను. పర్మిషన్ డినైడ్ అని వచ్చింది. దాని కిందే, మీ దరఖాస్తు మాకు అందింది, ధన్యవాదాలు.

అదే రోజు, నాలుగు గంటలకి

తాళాలాయనకి ఫోన్ చేశాను. నేను నడిపితే ఫైల్లో రాస్తోందండీ, బయటివాళ్ళు పంపితే రాయట్లేదు అన్నాను. ఆయన పెద్దగా నిట్టూర్చి, నువ్వు నడిపితే నీ పేరు మీద నడుస్తుంది తల్లీ, ఆ ఫైలుకి యజమానివి నువ్వే, నిన్నెవరు ఆపుతారు అన్నాడు. బయటినుంచి వచ్చేవాళ్ళ తరఫున రాసేది వెబ్ సర్వర్. పాత చోట అది కూడా నా పేరు మీదే నడిచేదట. ఇక్కడ దానికి వేరే యూజర్ ఉంది. ఆ యూజర్ పేరు నోబడీ.

నోబడీ. అంటే ఎవరూ కాని మనిషి. ఆయన పెట్టిన పేరు కాదట, ముందునుంచీ ఉన్న ఆనవాయితీయేనట. నా ఫైలుని నోబడీ చదవచ్చు. రాసే హక్కు లేదు.

కంగారులో 777 పెట్టేస్తానండీ, అందరికీ అన్ని హక్కులూ వస్తాయి అన్నాను. తాళం తియ్యడం రాక తలుపు పీకి ఎండలో పడేస్తావా అని కసిరాడు. తర్వాత దగ్గరుండి చేయించాడు. ఫోల్డర్‌కీ ఫైలుకీ నోబడీ ఉన్న సర్వర్ గ్రూపు పెట్టి, ఆ గ్రూపుకి మాత్రం రాసే హక్కు ఇచ్చాం. స్క్రిప్టు కూడా మార్చాను. ముందు ఫైల్లో పడిందో లేదో చూస్తుంది, పడితేనే ధన్యవాదాలు చెబుతుంది. మొదట్లోనే రాయాల్సిన ఒక్క ‘ఇఫ్’. రెండు నిమిషాల పని.

జూన్ 22, శనివారం

సెలవు. అయినా ఆఫీసుకి వెళ్ళాను. సర్వర్ లాగ్ చూశాను. ఎవరు ఎప్పుడు నొక్కారో అందులో పడుతుంది, ఏం రాశారో పడదు. తేదీ, టైము, ఏ నెట్ నుంచో ఒక నంబరు. ఏడో తారీకు సాయంత్రం నుంచి పద్దెనిమిది వరకు నలభై ఐదు లైన్లు. ఒకే నంబరు నుంచి వెంట వెంటనే మూడుసార్లు నొక్కినవాళ్ళు ఒకరున్నారు, అనుమానం వచ్చి ఉంటుంది. దాన్ని ఒకటిగా లెక్కేస్తే నలభై మూడు.

ప్రతి లైను చివరా 200 అని ఉంది. 200 అంటే అంతా సవ్యంగా జరిగిందని అర్థం.

నలభై మూడుమంది అమ్మాయిలు. పేర్లు లేవు. పదమూడున మధ్యాహ్నం రెండూ పద్నాలుగుకి ఒకటుంది. అది నిన్న ఫోన్ చేసినాయన కూతురిదే అయి ఉండొచ్చు. ఆ లైనుని చాలాసేపు చూశాను. చూస్తే మాత్రం ఏముంది.

జూన్ 24, సోమవారం

సారుకి చెప్పాను. తలుపు వెయ్యమన్నారు. మొత్తం విని, బాగుచేశావు కదా, ఇక మర్చిపో అన్నారు. ఉన్నవి ముప్పై సీట్లు, వెళ్ళినవి అరవై పేర్లు, నిండిన కుండలో ఇంకా నీళ్ళెందుకు అన్నారు. ఆ నలభై మూడుమంది సంగతేంటండీ అన్నాను. వాళ్ళెవరో నీకు తెలుసా అన్నారు. తెలీదన్నాను. మరి! అన్నారు.

తర్వాత ఆ అమ్మాయి నాన్నకి ఫోన్ చెయ్యమన్నారు, తన ఎదుటే.

చేశాను. మీ నెట్ సరిగ్గా లేక వెళ్ళి ఉండదండీ అన్నాను. ఇదే మాట, ఇదే గొంతుతో. అయ్యుంటుందమ్మా, మాకు తెలీదు కదా, మా పిల్లకి కూడా ఇదే మొదలు, ఎక్కడో తప్పు నొక్కి ఉంటుంది, మీకు శ్రమ ఇచ్చాం, ఏమీ అనుకోకు అన్నాడు. కూతుర్ని పక్కన పెట్టుకునే అన్నాడు. నేను సరిగ్గానే నొక్కాను నాన్నా అని ఆ అమ్మాయి అనడం వినిపించింది. ఊరుకోవే, చదువుకున్నావిడ చెబుతుంటే అన్నాడు.

చదువుకున్నావిడ.

సారు బొటనవేలు పైకెత్తి చూపించారు.

జూన్ 25, మంగళవారం

డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చి కడిగాను.

జూన్ 26, బుధవారం

ఒంట్లో బాగాలేదని సగం రోజు సెలవు పెట్టాను. ఈ వారంలో నేనాడిన రెండో అబద్ధం. నర్సింగ్ స్కూలుకి వెళ్ళాను.

ప్రిన్సిపల్ మేడం పొడుగ్గా ఉంది. మంచం మీద పడుకోబెట్టిన ప్లాస్టిక్ బొమ్మకి కట్టు ఎలా కట్టాలో ఇద్దరు పిల్లలకి చూపిస్తోంది. కట్టు పూర్తయ్యేదాకా ఆగి చెప్పాను. మీ సారు పంపాడా, నువ్వే వచ్చావా అని అడిగింది. నేనే వచ్చానండీ. ఎంతమంది? నలభై మూడు. పేర్లు? లేవండీ. వార్డులోంచి నలభై మూడుమంది మాయం, పేర్లు తెలీవు అంటే నేను ఎక్కడని వెతకను అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

నా బ్యాగులో లాగ్ ప్రింటు ఉంది. ఇచ్చాను. వేలితో ఒక్కొక్క టైమూ చూసుకుంటూ వెళ్ళింది. ఎక్కువ మధ్యాహ్నాలే, పనిలోంచి ఎవరిదో ఫోనడిగి చేసుంటారు అంది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

28న ప్రకటన ఆపుతానంది. జూలై మూడు సాయంత్రం ఐదు వరకు గడువు, ఎనిమిదిన ఇంటర్వ్యూలు. ఫారం మళ్ళీ తెరిచి పైన నోటీసు పెట్టమంది. జరిగిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టమంది. రాశాను. ఇరవై నాలుగున ఆ తండ్రితో ఏమన్నానో కూడా రాశాను. అది అడగలేదు కదా అంది. ఉండనివ్వండి అన్నాను.

అక్కడే బెంచీ మీద కూర్చుని ఫోన్లోంచి నోటీసు పెట్టాను. జూన్ 7 నుంచి 18 వరకు దరఖాస్తు పంపినవారికి: మీ వివరాలు మా దగ్గర నమోదు కాలేదు. తప్పు మీది కాదు, మాది. జూలై 3 సాయంత్రం 5 లోపు దయచేసి మళ్ళీ పంపండి.

మేడం నా భుజం మీదనుంచి చదివి, అక్షరాలు పెద్దవి చెయ్యి అంది.

జూన్ 27, గురువారం

పొద్దున తొమ్మిదింబావుకి సారు పిలిచారు. పదింటికి నా బ్యాగు, నా డబ్బా, నేను లిఫ్టులో. క్లయింటు దగ్గరికి నన్నడక్కుండా వెళ్ళడానికి నువ్వెవరు అన్నారు. జవాబు తెలిసినా చెప్పలేదు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి నాన్నకి ఫోన్ చేశాను. మొన్న నేను చెప్పింది అబద్ధమండీ, మీ అమ్మాయి సరిగ్గానే నొక్కింది, తప్పు నాది, మళ్ళీ పంపండి అన్నాను. మొన్న తప్పు మాదన్నావు, ఇవాళ నీదంటున్నావు, రేపు ఎవరిదంటావమ్మా అన్నాడు. కోపం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది. నాదేనండీ అన్నాను. పిల్ల రెండు రోజులు అన్నం మానేసింది, ఇప్పుడు మళ్ళీ ఆశ పెట్టమంటావా అన్నాడు. నేను ఏదో అనేలోపు లైను కట్ అయింది. పెట్టేశాడో, పోయిందో.

జూన్ 30, ఆదివారం

అమ్మకి చెప్పాను. మొత్తం విన్నది. ఇస్త్రీలో దుప్పటి కాలితే కాలిన వైపు లోపలికి మడిచి పంపేస్తారట, లాండ్రీలో అందరూ అంతేనట. నువ్వూ మడిచావా అమ్మా అని అడిగాను. రెండుసార్లు అంది. చాలాసేపు ఎవరమూ ఫోన్ పెట్టలేదు.

జూలై 3, బుధవారం

సాయంత్రం ఆరింటికి తాళాలాయన ఫోన్ చేశాడు. నీ లాగిన్ తీసెయ్యమని పోయిన వారమే చెప్పారు, మర్చిపోయినట్టు నటించాను, ఇవాళ ఇక తప్పదు అన్నాడు. లాగిన్ పోతే నా పేరు మీదున్న ఫారం కూడా ఆగిపోయేది, గడువు అయిపోయేదాకా ఆగాడని అప్పుడర్థమైంది. తీసే ముందు లెక్కపెట్టి చెప్పాడు. కొత్త వరుసలు ముప్పై ఒకటి. పేర్లు చదవమంటావా అన్నాడు. వద్దండీ, అవి నేను చూడాల్సినవి కావు అన్నాను. సరే తల్లీ, తీసేస్తున్నా అన్నాడు. కీబోర్డు చప్పుడు వినిపించింది.

ముప్పై ఒకటి. పన్నెండుమంది రాలేదు. నోటీసు చూసి ఉండరు. చూసినా నమ్మి ఉండరు. ఆ పన్నెండుమందికి నేను చెప్పిన ఆఖరి మాట ధన్యవాదాలు.

జూలై 8, సోమవారం

ఇంటర్వ్యూలు. నర్సింగ్ స్కూలు ఎదురుగా బస్‌స్టాప్‌లో కూర్చున్నాను. ఒకాయన కూతుర్ని గేటు లోపలికి పంపి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఫోన్లో గొంతు వేరేగా ఉంటుంది, ఆయనేనో కాదో తెలియలేదు. అడగలేదు. టైమెంతయిందమ్మా అన్నాడు. చెప్పాను. పది నిమిషాలకి మళ్ళీ అడిగాడు. చెప్పాను. మళ్ళీ. నాలుగోసారి అడక్కముందే చెప్పాను.