నోటికి అడ్డం పెట్టుకునే అట్ట

మార్చి 11, మంగళవారం, మధ్యాహ్నం 3

కంప్యూటర్లు పోయాయి కాబట్టి డాక్టరుగారు అందరికీ తలా ఒక డైరీ కొనిచ్చారు, అపాయింట్‌మెంట్లు రాసుకోమని. ముందు పేజీల్లో అవే రాస్తున్నాను. వెనక పేజీల నుంచి ఇది.

పొద్దున తొమ్మిదింటికి స్క్రీన్లన్నీ ఎర్రగా ఉన్నాయి. ఫైళ్లకి తాళం వేశాం, డబ్బు పంపితే తీస్తాం అని రాసుంది. మాది చెవుల క్లినిక్. వినికిడి పూర్తిగా పోయినవాళ్లకి ఆపరేషన్ చేసి లోపల చిన్న పరికరం పెడతారు, బయట చెవి వెనక ప్రాసెసర్ తగిలిస్తారు. ఎవరి చెవికి ఎక్కడ ఎంత శబ్దం పంపాలో నెలల తరబడి కూర్చుని సెట్ చేసేది నేను. ఆ సెట్టింగ్‌ని మ్యాప్ అంటాం. నాలుగేళ్ల మ్యాప్‌లు ఆ తాళం వెనక ఉన్నాయి.

ఎవరైనా ఏమైనా నొక్కారా అని డాక్టరుగారు అందర్నీ నిలబెట్టి అడిగారు. రిసెప్షన్ అమ్మాయి ఏడ్చేసింది, ఏ పాపమూ ఎరగకుండానే. నేను లేదండి అన్నాను.

నొక్కింది నేనే. నిన్న లంచ్‌లో.

టైలర్ మాస్టారి కోసం. నలభయ్యో ఏట జ్వరం వచ్చి రెండు చెవులూ పోయినాయన. పదకొండేళ్లు ఏమీ వినలేదు. రెండేళ్ల కిందట ఆపరేషన్ అయింది. మనుషుల మాటలు బాగానే పట్టుకుంటున్నారు గానీ పాటలు ఇంకా గోలగానే ఉన్నాయట. ఒక్క పాటైనా మునుపటిలా వినాలని ఆయన ఆశ. షాపు పెట్టిన కొత్తలో అరిగిపోయేదాకా తిప్పిన క్యాసెట్‌లోది. రోజూ అదే పాట, అదే ఫైల్ వింటూ ఉంటే చెవి నేర్చుకుంటుందని చెప్పింది నేనే కదా. చిన్న ప్లేయర్ తెచ్చి, అందులో వేసిమ్మన్నారు.

ఏదో సైట్‌లో దొరికింది. యాంటీవైరస్ వద్దంది. దాన్ని ఆపెయ్యమని సైటే చెప్పింది, ఆపాను. పాట రాలేదు. పోనీలే అని టీ తాగడానికి వెళ్లాను.

ఇంకో నిజం కూడా రాసెయ్యాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ పాడవుతుందేమోనని భయపడే క్లినిక్ కంప్యూటర్‌లో నొక్కాను.

సాయంత్రం 6

ఎవరో పాటో సినిమానో దించినట్టున్నారు అన్నారు వైర్ల బాబాయి. మా కంప్యూటర్లు చూసే కాంట్రాక్టు ఆయనది, అందరం అలాగే పిలుస్తాం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అవుతుందని కదలకుండా నించున్నాను.

మార్చి 13, గురువారం

బ్యాకప్ ఉంది కదా అని రెండు రోజులు ధైర్యంగా ఉన్నాం. ఇవాళ డిస్క్ తెరిస్తే దానికీ తాళమే. తగిలించి ఉన్న డిస్క్‌ని కూడా వైరస్ వదల్లేదు.

ఆ డిస్క్ ప్రతి శుక్రవారం తగిలించి, కాపీ అయ్యాక పీకి బీరువాలో పెట్టాలి. అది నా పని. బాబాయి ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి టేబుల్‌కి అతికించారు కూడా. అయ్యాక పీకండి అని. నిరుడు టేబుల్ తుడుస్తూ ఆ కాగితం నేనే చింపేశాను. అప్పట్నుంచి డిస్క్ పీకిందీ లేదు.

డిస్క్ ఎందుకు తగిలించే ఉంది అని డాక్టరుగారు బాబాయిని అడిగారు. ఆయన నా వైపు ఒక్కసారి చూశారు. నేను కిందికి చూశాను. వారం వారం వచ్చి చూసుకోవాల్సింది నేనే కదండీ అన్నారు ఆయన. రేపట్నుంచి రావద్దన్నారు డాక్టరుగారు.

యాభై దాటిన మనిషి. టూల్స్ పెట్టె కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు.

మార్చి 14, శుక్రవారం

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎవరికి చెప్పాలో చెప్పరు.

మార్చి 17, సోమవారం

ఇన్నాళ్లూ నాలో నేను ఒక లెక్క వేసుకుంటున్నాను. మ్యాప్ ప్రాసెసర్‌లోనూ ఉంటుంది కాబట్టి అందరూ వింటూనే ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు, మెల్లగా ఒక్కొక్కర్నీ పిలిచి వాళ్ల చెవుల్లోంచే మ్యాప్‌లు తిరిగి ఎక్కించుకోవచ్చు అని. అది నిజమే. ప్రాసెసర్ పాడవ్వనంతవరకు నిజమే.

ఇవాళ టైలర్ మాస్టారు వచ్చారు. ఇస్త్రీ చేసే ముందు గుడ్డలు తడుపుకునే టబ్‌లో ప్రాసెసర్ జారిపడిందట. పూర్తిగా పోయింది. కొత్తది ఇవ్వగలం. మామూలుగా అయితే పాత మ్యాప్ అందులో వేసి పది నిమిషాల్లో పంపించేదాన్ని.

అందరిలోకీ ఈయనకేనా జరగాలి?

మొదట్నుంచి మొదలుపెట్టాలని పలక మీద రాసి చూపించాను. రెండేళ్ల కష్టం అది. ఆయన రెండు సార్లు చదివారు. తర్వాత ఆ పాట దొరికిందా అమ్మా అని అడిగారు.

మార్చి 20, గురువారం, ఉదయం 11

సెలవు పెట్టాను. వదిన వచ్చింది. లైబ్రరీలో పాత రికార్డుల విభాగం చూస్తుంది. సక్రమంగా పాటలు దించుకోవాలంటే ఎలా అని మాటవరసకి అడిగినట్టు అడిగాను. ఇవాళ సూర్యుడు పడమటన పొడిచాడా, పెళ్లయినప్పట్నుంచి ఆడపడుచు ఒక్క పాటకి పైసా పెట్టగా చూడలేదే అంది.

తర్వాత కుదురుగానే చెప్పింది. యాప్‌కి నెలనెలా కట్టి డౌన్‌లోడ్ నొక్కినా అది మన ఫైల్ కాదట. ఆ యాప్‌లోనే వినాలి, కట్టడం ఆపితే పోతుంది. ఫైల్ చేతికి రావాలంటే పాటలు అమ్మే స్టోర్లున్నాయి. పాడినవాళ్లు సొంత పేజీల్లోనూ పెడతారు. కొందరు ఎవరైనా తీసుకోవచ్చని వదిలేస్తారు, కాకపోతే పక్కన షరతు ఉంటుంది, అది చదవాలి. ఏదీ లేకపోతే హక్కున్నవాళ్లని అడగాలి. నెట్‌లో పడుంది కదా అని దిక్కులేని సొమ్ము కాదు అంది. యాంటీవైరస్ ఆపమన్న సైట్‌లోంచి మాత్రం లేచి పరిగెత్తాలట.

ఇంతకీ మీ క్లినిక్‌కి నిప్పు పెట్టిన మహానుభావుడు దొరికాడా అని అడిగింది. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తాను. స్టవ్ అసలు వెలిగించలేదు.

మార్చి 24, సోమవారం

మాస్టారికి కొత్త మ్యాప్ మొదటి సిట్టింగ్, అద్దెకి తెచ్చిన కంప్యూటర్ మీద. నా గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుందట.

మాటల టెస్టు కూడా పెట్టాను. నేనొక మాట అంటాను, ఆయన తిరిగి అనాలి. సరిగ్గా అంటే టిక్. పెదాలు చూసి చెప్పెయ్యకుండా నోటికి అడ్డంగా అట్ట పెట్టుకుంటాం. నా అట్ట పాత క్యాలెండర్‌ది, అంచులు నలిగిపోయాయి. ఇరవై మాటలకి రెండే టిక్కులు. మునుపు పద్దెనిమిది వచ్చేవి.

మంచి మార్కులే అని నవ్వారు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

ఆ పాట ఏ స్టోర్‌లోనూ లేదు. వదిన వెతికింది, క్యాసెట్ కంపెనీ ఎప్పుడో మూతపడింది. దొంగ సైట్లలో మాత్రం దర్జాగా ఉంది. పాడినావిడకి సొంత పేజీ ఉంది, అందులో వేరే పాటలున్నాయి, ఇది లేదు. కింద అడ్రస్ ఉంది.

మార్చి 26, బుధవారం

పాడినావిడకి ఈమెయిల్ రాశాను. నాలుగు లైన్లు రాద్దామని కూర్చుంటే రెండు పేజీలైంది. మాస్టారి గురించి రాశాను. ఎందుకు ఆ పాటే కావాలో రాశాను. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. మీ పాటని అడక్కుండా తీసుకోబోయి ఎంత పని చేశానో, ఎవరి ఉద్యోగం పోయిందో, ఇంకా నోరు విప్పలేదని కూడా రాశాను. ముక్కూ మొహం తెలియని పెద్దావిడకి.

మళ్లీ చదివితే పంపనని తెలుసు. చదవకుండా పంపాను.

ఏప్రిల్ 1, మంగళవారం

జవాబు వచ్చింది. ఆవిడ చెప్తే మనవరాలు టైప్ చేసింది. పాట ఫైల్ జత చేశారు. మాస్టారు వినొచ్చు, క్లినిక్‌లో నేర్పడానికి వాడొచ్చు, ఇంకెవరికీ పంచకూడదు. కింద ఒక్క వాక్యం ఆవిడదట.

"పాట అడిగి తీసుకున్నందుకు సంతోషం, మిగతాది కూడా చెప్పాల్సినవాళ్లకి చెప్పమ్మా."

ఏప్రిల్ 3, గురువారం

వైర్ల బాబాయి టూల్స్ పెట్టె కోసం వచ్చారు. ఇంకో రెండు క్లినిక్‌లు కూడా ఆయన్ని మాన్పించాయట. ఈ ఊళ్లో డాక్టర్లందరూ ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు. ఇప్పుడు ఎవరిదో షాపులో ఫోన్లకి గ్లాసులు అతికిస్తున్నారట. అది చెప్తూ, చేతులు ఖాళీగా లేవులే అమ్మా అన్నారు.

టైలర్ మాస్టారి చెవి ఎలా ఉంది అని అడిగారు. తర్వాత వంగి, నెలలుగా కిర్రుమంటున్న నా కుర్చీ చక్రం బిగించి వెళ్లారు.

నాకు దొంగకి తేలు కుట్టినట్టుంది. అరవడానికి కూడా లేదు.

ఏప్రిల్ 7, సోమవారం, మధ్యాహ్నం 1

మాస్టారి మూడో సిట్టింగ్. ప్రాసెసర్ తీసి కంప్యూటర్‌కి తగిలించాను. అది లోడయ్యేదాకా ఆయనకి ఏమీ వినపడదు. మామూలుగా ఆ ఐదు నిమిషాలూ ఇద్దరం ఊరికే కూర్చుంటాం.

ఇవాళ మాట్లాడాను. ఆయనకెదురుగా కూర్చుని, మొహం చూస్తూ, మొత్తం. సైట్, యాంటీవైరస్, చింపేసిన కాగితం, డిస్క్, బాబాయి. వినపడని మనిషికి చెప్పుకుంటున్నానని అనుకున్నాను. గోడకి చెప్పుకున్నట్టు. చివర్లో ఏడుపొచ్చింది.

తల ఎత్తితే ఆయన నా పెదాల వైపే చూస్తున్నారు. అట్ట టేబుల్ మీదే ఉంది.

పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. వినపడనివాళ్ల ముందు నోరు కప్పుకోవాలని చిన్నపిల్లలకి కూడా పాఠం చెప్పగలను. మర్చిపోయానా? కావాలనే వదిలేశానా? ఇప్పటికీ తెలియడం లేదు.

ఆయన మెడలోని కొలతల టేపు తీసి చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నారు. అప్పుడన్నారు.

"నా చెవిదేముందమ్మా, ఇవాళ కాకపోతే ఆర్నెల్లకి వస్తుంది. ఆ పెద్దమనిషి పేరు మాత్రం నువ్వు చెప్తేనే వస్తుంది."

కోపం లేదా అని అడిగాను. ఉంది అన్నారు. ప్రాసెసర్ పెట్టు, పని చూడు అన్నారు.

ఏప్రిల్ 8, మంగళవారం, ఉదయం 9.40

డాక్టరుగారికి చెప్పేశాను. నిలబడే చెప్పాను. ఆవిడ అరవలేదు. ఇరవై ఎనిమిది రోజులు ఎలా తిన్నావు, ఎలా పడుకున్నావు అని మాత్రం అడిగారు.

నా ముందే బాబాయికి ఫోన్ చేసి తప్పు నాదండీ అన్నారు. ఆ రెండు క్లినిక్‌లకీ చేశారు. మాస్టారి మ్యాప్ ఒక దారిన పడేదాకా నేనుండాలి. తర్వాత వద్దు.

న్యాయమే.

ఏప్రిల్ 11, శుక్రవారం

బాబాయి మళ్లీ పనిలోకి వచ్చారు. క్షమించమని అడగబోయాను, చెయ్యి అడ్డం పెట్టారు. కొత్త డిస్క్ తగిలించి, కాపీ అయ్యేదాకా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అయ్యాక పీకమ్మా అన్నారు.

పీకాను. బీరువా తాళం ఆయన జేబులో వేసుకున్నారు.

ఏప్రిల్ 22, మంగళవారం

పాట వినిపించాను. సగంలో ఆపమన్నారు. ఇది ఆ పాట కాదన్నారు. అదే అన్నాను. కాదన్నారు. రోజూ వింటానని ప్లేయర్ జేబులో వేసుకుని వెళ్లారు.

మే 6, మంగళవారం

ఆఖరు రోజు. మాస్టారికి మాటల టెస్టు. ఇరవైకి పదిహేను. పాట ఇంకా ఆ పాట కాదట, దాని చెల్లెలిలా ఉందట.

లిస్టు అయిపోయాక అట్ట దించలేదు. దాని వెనక నుంచి, లిస్టులో లేని మాట ఇంకొకటి అన్నాను.

ఆయన కొంచెం ఆగి, తిరిగి అన్నారు. క్షమించండి.

టిక్ పెట్టాను.