లిఫ్టు కప్పు మీద నిలబడేవాడు

చిరంజీవి పిడుగును నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అమ్మ, తమ్ముడు, నేను కులాసా. నువ్వు అక్కడ కులాసాగా ఉన్నావని తలుస్తాను. "అక్కడ" అని రాసి కలం ఆపాను. ఎక్కడని అనుకోను? ఉత్తరం మొదలుపెట్టినప్పుడు ఏ సముద్రం మీద ఉన్నావో, ఈ ముక్క పూర్తయ్యేసరికి ఏ ఎడారి దాటావో! గంటన్నరకోసారి భూమిని చుట్టి వచ్చే కూతురికి ఉత్తరం రాయడం మన వంశంలో నాతోనే మొదలు.

ఎప్పుడూ నా ఉత్తరాలు తమ్ముడు ఫోటో తీసి మీ ఆఫీసువాళ్ళ ద్వారా నీకు పంపేవాడు. ఇది మాత్రం నేనే తీసి పంపుతున్నాను. ఏ మూలనైనా నా బొటనవేలు పడితే సర్దుకో. నువ్వు "అమ్మకి చెప్పకు" అన్న సంగతి వాడి కంట పడిందంటే ఇక ఊరంతా టముకు వేసినట్టే.

మొదటిసారి మీ అంతరిక్ష స్టేషన్ బయటికి వెళ్ళినప్పుడు, తలుపు తెరుచుకోగానే కింద భూమి జారిపోతుంటే చెయ్యి బిగుసుకుపోయిందనీ, పట్టుకున్న కడ్డీని కాసేపు వదల్లేకపోయావనీ రాశావు. వచ్చే వారం పాడైన యాంటెనా మార్చడానికి మళ్ళీ వెళ్ళాలట, నువ్వు వద్దంటే నీ బదులు ఇంకొకరు వెళ్తారట. "వెళ్ళనా, మానెయ్యనా నాన్నా?" అని అడిగావు. జవాబు చెప్తాను. ముందు మిగతావాటికి చెప్పనివ్వు, లేకపోతే ఇంటి కబుర్లన్నీ అడుగున పడిపోతాయి.

నా మోకాలు ఫరవాలేదు. మెట్లు ఎక్కొద్దన్నాడు డాక్టరు. లిఫ్టు మెకానిక్‌కి చెప్పాల్సిన మాటేనా అది? నీ గదిని తమ్ముడు ఆక్రమించాడు. "అక్క వచ్చేదాకా గదిలో గాలి ఆడాలిగా" అంటాడు. వాడి బట్టల గుట్టల మధ్య గాలి దూరడానికి సందుంటేగా!

అమ్మ పళ్ళ డాక్టరు దగ్గర నర్సు కావడం నీ అదృష్టం, జనం దురదృష్టం. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్నవాళ్ళ దగ్గర నీ కథ ఎత్తుకుంటుంది. పాపం, వాళ్ళు పారిపోనూ లేరు, "ఇది క్రితంసారి చెప్పారు" అననూ లేరు. మొన్నొక పెద్దావిడ "మీ పెద్దమ్మాయి ఏం చేస్తోందమ్మా?" అని అడిగిందట. అమ్మ ఏదో పని ధ్యాసలో ఉండి "పైనుందండీ" అంది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని "అయ్యో, ఎంత వయసని తల్లీ!" అంటూ అమ్మ చేతులు పట్టుకుంది. ఆవిడ పన్ను పీకడానికి పట్టినదానికన్నా ఆ అపార్థం తీర్చడానికే ఎక్కువసేపు పట్టిందట.

మొన్న సాయంత్రం మన డాబా మీదుగా వెళ్ళావు. పొద్దుగూకిన కాసేపటికి వాటాలవాళ్ళందరూ పైకి వచ్చారు. నీకు తెలుసుగా, మెట్లగోడకి ఏ రంగు వెయ్యాలో ఇప్పటికీ తేల్చుకోలేని జనం. ఆ పూట ఒక్కరూ గొడవ పడకుండా తలలెత్తి నిలబడ్డారు. నువ్వు వచ్చావు. మినుకు మినుకుమనకుండా నిలకడైన వెలుగు. చప్పుడు లేదు. ఆకాశం సగం దాటాక భూమి నీడలోకి జారి మాయమయ్యావు. "అందులో మన పిల్ల ఉందంటే నమ్మబుద్ధి కావట్లేదండీ" అంది కింది వాటా ఆవిడ. నేను నువ్వు మాయమైన వైపుకి చెయ్యి ఊపాను.

ఒకరి భాష ఒకరికి రాని దేశాలవాళ్ళు ముక్క ముక్కగా పైకి మోసుకెళ్ళి బిగించిన ఇల్లు నువ్వుండేది. ఒకచోట చేసిన బోల్టు, ఎక్కడో ఇంకొకరు చేసిన రంధ్రంలో సరిగ్గా కూర్చుంది. యంత్రాల మధ్య బతికినవాణ్ణి, అదెంత గొప్ప సంగతో నాకు తెలుసు. మనుషుల మీద నమ్మకం సడలినప్పుడల్లా డాబా ఎక్కి అటు చూస్తున్నాను.

సుత్తి బాబాయి నిన్ను అడిగానని చెప్పమన్నాడు. ఇన్నేళ్ళుగా పనిలో నా జోడీ అయినా, చేతి సుత్తి కన్నా నోటి సుత్తే ఎక్కువ వాడతాడని నీకు తెలుసు. అయితే మొన్న ఒక మంచి మాటన్నాడు. "లిఫ్టులు రాకముందు పై అంతస్తులో ఉండమంటే జనం మొహం చిట్లించేవాళ్ళురా. ఇప్పుడు పై వాటా కోసమే కొట్టుకుంటున్నారు. రేపు పిడుగు ఉన్నచోటిక్కూడా ఇంతే, చూస్తూండు" అన్నాడు. "అప్పుడు మనిద్దరికీ అక్కడే ఉద్యోగం" అన్నాను. నవ్వుతూ అన్నా, నేను నిజంగానే నమ్ముతున్నాను. నీ వెనక వెళ్ళే పిల్లలకి అది వింత కాదు, పొద్దున్నే లేచి పనికి వెళ్ళడం లాంటిదే.

ఇక నీ ప్రశ్న. నీ ఉత్తరంలో ఈ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. "చిన్నప్పుడు ఒక సెలవు రోజున నీతో పనికొచ్చాను. ఎత్తయిన బిల్డింగులో, లిఫ్టు తిరిగే చీకటి షాఫ్టులో, లిఫ్టు కప్పు మీద నిలబడి ఈల వేసుకుంటూ పనిచేశావు. నాకు ఆ గుండె రాలేదు నాన్నా. నీ కూతుర్ని అనిపించుకోలేకపోయాను."

పిడుగూ, ఇన్నేళ్ళూ అమ్మకి కూడా చెప్పని మాట చెప్తున్నాను. నాకు ఎత్తంటే భయం. అప్పుడూ భయమే, ఇప్పుడూ భయమే. ఆ కప్పు మీద మొదటి కాలు పెట్టేటప్పుడు ప్రతిసారీ ఒకసారి వెనక్కి తీసుకుని మళ్ళీ పెడతాను. మరి ఈల ఎందుకంటావా? నా పళ్ళు టకటకలాడటం సుత్తి బాబాయికి వినపడకుండా.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కప్పు మీదికి దిగేముందు ఎర్ర బొత్తాం నొక్కి లిఫ్టుని ఆపాలి. ఆగిందని నమ్మేయకూడదు. బయటి నుంచి దాన్ని పిలిచి చూడాలి, కదలకపోతేనే కాలు పెట్టాలి. అప్పుడు "లిఫ్టు నా చేతిలో ఉంది" అని గట్టిగా అనాలి. జోడీ "నీ చేతిలో ఉంది" అని తిరిగి చెప్పాలి. భయం లేనివాళ్ళు ఏదో ఒక రోజు "ఏమవుతుందిలే" అని ఇవన్నీ ఎగ్గొడతారు. అలాంటివాడొకడు మాతో పనిచేసేవాడు. ప్రాణం దక్కింది గానీ మళ్ళీ పనిలోకి రాలేకపోయాడు. నేను ఒక్కసారీ ఎగ్గొట్టలేదు. ధైర్యం వల్ల కాదే తల్లీ, నా భయం ఎగ్గొట్టనివ్వలేదు. ఇంత చేశాక అది పోతుందా అంటే, పోదు. కాస్త పక్కకి జరిగి చోటిస్తుంది. పని చేసుకోవడానికి ఆ చోటు సరిపోతుంది.

కాబట్టి నీ తాడూ, కొక్కెమూ రెండుసార్లు చూసుకో. నీతో వచ్చేవాళ్ళకీ, కింద నుంచి నడిపించేవాళ్ళకీ చెయ్యి బిగుసుకుంటోందని ముందే చెప్పు. అది నేను చెయ్యలేకపోయిన పని, నువ్వు చెయ్యి. నేను నా జోడీకి చెప్పుకుని ఉంటే ఇన్నేళ్ళు ఈల వేసే బాధ తప్పేది. చెప్పాక వాళ్ళు వద్దన్నా, నీకే మానాలనిపించినా మానెయ్. అందులో చిన్నతనమేమీ లేదు. నాన్న గుండె నాకు రాలేదన్న కారణంతో మాత్రం మానకు.

కడ్డీ పట్టుకున్న ఆ చెయ్యి కాసేపటికి వదిలింది కదా. వదిలి, పని పూర్తిచేసి లోపలికి వచ్చావు కదా. నాకున్న గుండె కూడా అంతే, అంతకన్నా రవ్వంత ఎక్కువ లేదు. నా పోలిక రాలేదని బాధపడుతున్నావు గానీ, ఆ వణుకు ఎవరిదనుకున్నావే? అచ్చంగా నాదే.

ఇట్లు,
నిన్ను కన్న పిరికివాడు,
నాన్న