రెండో దెబ్బ

26 మే 2024, ఆదివారం. మధ్యాహ్నం 3

ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. అరచెయ్యి వాచింది, పెన్ను మీద సరిగ్గా పట్టు దొరకడం లేదు. తమ్ముడు అమిత్ ఐసీయూలో. అమ్మ కింద వార్డులో. ఇద్దరూ బతికే ఉన్నారు.

సాయంత్రం 6

పొద్దున పదకొండింటికి అమిత్ గదిలోంచి చెమటలు కారుతూ వచ్చాడు. బాపు దుర్గాపూర్ బొగ్గు గనిలో డ్యూటీకి పోయాడు. వాకిట్లో అమ్మ బట్టలు పిండుతోంది. అమ్మా, నీ నెత్తి అంటుకున్నదే, అని అరుస్తూ వచ్చి జుట్టు పట్టి, తలను నీళ్ల డ్రమ్ములో ముంచాడు. మంట ఆర్పుతున్నాననుకున్నాడు. వాడి వీపు మీద గుద్దాను. చెయ్యి కొరికాను. రక్తం కారింది గానీ వదల్లేదు. అమ్మ కాళ్లు కొట్టుకోవడం తగ్గిపోయింది. రోకలి తీసి వాడి భుజం మీద వేశాను. వదిలాడు. అమ్మ కింద పడి నీళ్లు కక్కింది.

27 మే

అమిత్ ఒళ్లు కాలిపోతోంది. కిడ్నీలు పని చేయడం లేదట. ఏం తీసుకున్నాడని డాక్టర్ అడిగితే, ఏం లేదు సార్, మెట్ల మీదికెళ్లి కింద పడ్డడు, అన్నాడు బాపు. నన్ను పక్కకు లాగి, నోరు తెరవకు బిడ్డా, పోరని జిందగీ ఖరాబైతది, అన్నాడు.

వాడి వేలు పెట్టి ఫోన్ తెరిచి మెసేజ్‌లు చదివాను. నాగపూర్ దోస్తు సచిన్ ఇచ్చిన పౌడర్. పేరు టూ-సీ-ఈ. ఇంకా ఎక్కలేదని వీడు. లేటుగా ఎక్కుతుంది, ఆగు అని సచిన్. వీడు ఆగలేదు, మళ్లీ తీసుకున్నాడు.

డాక్టర్‌కి చూపించాను. లేనివి కనిపించేలా చేసే మత్తుమందట, ఫెనెథైలమీన్ జాతిదట, మామూలు టెస్టుల్లో దొరకదట. చూపించి మంచి పని చేశావన్నాడు. బాపు అందరి ముందూ నా చెంప పగలగొట్టాడు.

28 మే

డయాలిసిస్.

30 మే

పోలీసులొచ్చారు. ఒక్కటే దెబ్బ కొట్టింది సార్, నన్ను కాపాడటానికే, అంది అమ్మ. అదే రాసుకున్నారు. సంతకం పెట్టాను.

31 మే

ఒక్కటి కాదు.

అమ్మను వదిలేశాక వాడు నా వైపు తిరిగాడు. చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి. చిన్నపిల్లాడిలా, అక్కా, ఆరిందా, అని అడిగాడు. అప్పుడు కొట్టాను. అదే రోకలితో, దవడ మీద, బలమంతా పెట్టి. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఆ క్షణాన హాయిగా అనిపించింది. నేను ఏ మందూ తీసుకోలేదు.

అమ్మ చూసింది.

9 జూన్, ఆదివారం

వాడికి స్పృహ బాగానే వచ్చింది. దవడకు తీగలు కట్టారు, మాట్లాడలేడు. అమ్మను ముంచింది నేనేనా అని కాగితం మీద, బడిలో నేర్చిన మరాఠీలో రాశాడు. నువ్వే అన్నాను. దవడ విరగ్గొట్టింది నేను, నువ్వు వదిలేశాక, అని కూడా చెప్పాను. బరం కేలంస్, మంచిగ చేసినవ్, అని రాశాడు. లేదన్నాను. కాగితం చింపేశాను.

22 జూన్

వాణ్ని ఇంటికి తెచ్చాం. అమ్మ పక్కన కూర్చుని గొట్టంతో గంజి తాగిస్తోంది. పై అరలో చక్కెర డబ్బా కోసం చెయ్యెత్తాను. అమ్మ గిన్నె వదిలేసి, వాడి ముఖం మీదికి వంగి, తన వీపు నాకు అడ్డం పెట్టింది.