మూడు రోజుల సెలవు

మంగళవారం, ఆగస్టు 1999

కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీలు సరిచేసే వైటూకే పని మొదలైనప్పటి నుంచి సీటు వదిలి లేచినా టీమ్ లీడర్ ప్రసాదరావు గారి రిజిస్టరులో కారణం రాయాలి. "నీళ్లు తాగనీకి గూడ దస్తఖతేందన్నా?" అని పక్క సీటు యాదగిరి గొణుగుతాడు.

ఈ రోజు నా సెలవు కాగితంలో "సొంత పని, ఒక రోజు" అని రాసి ప్రసాదరావు గారికిచ్చాను.

"సొంత పనంటే ఏమిటండీ? వివరం రాయాలి కదా."

ఆఫీసులో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. "భార్య సంవత్సరీకం" అని రాశాను. ఆయన తలెత్తకుండానే ఎర్ర పెన్నుతో ఒకటి కొట్టేసి మూడు వేశాడు.

"ఒక్క రోజు చాలు సార్."

"చాలదండీ. ముందురోజూ కార్యక్రమం ఉంటుంది. మర్నాడు శుభస్వీకారం, ఏడాది మైల తీరే రోజు. ఆ రోజు కొత్త బట్టలు కట్టుకోవాలి, మానకండి."

కొత్త బట్టల సంగతి మా పురోహితుడు కూడా చెప్పలేదు. ఈయన ఎవరికి చేశాడో! ఏడాదిగా ఎదురుగా కూర్చుంటున్నా ఆయన ఇంట్లో ఎవరున్నారో నాకు తెలియదు.

సాయంత్రం కూకట్‌పల్లిలో బట్టల దుకాణానికి వెళ్లాను. "సైజెంత సార్?" అన్నాడు దుకాణదారు. తెలియదు. నా చొక్కాలన్నీ సుజాతే తెచ్చేది. ఇంటికి వచ్చి పాత చొక్కా కాలరు తిప్పి చూశాను.

నలభై రెండు.